నీలి సాలెంపూరు: నెల్లూరు తీరపు నేత, ఆఫ్రికా ప్రవాస కళ

సమకాలీన ఆఫ్రికా కళాకారులు, వారితోపాటు బానిస వ్యాపారం వల్లనో వలసల వల్లనో ఇతర ఖండాల్లో స్థిరపడిన ఆఫ్రికా సంతతి కళాకారులు, గత నలభై ఏళ్ళలో గ్యాలరీల్లోనూ మ్యూజియాల్లోనూ ప్రదర్శించిన పనుల్లో బట్టకు ప్రత్యేకమైన స్థానం ఉంది. చిత్రకారులు దానిని బొమ్మలోని మనిషి తలకు చుట్టారు, శిల్పులు ఇనుప విగ్రహాల మీద కప్పారు, మరికొందరు గదుల పైకప్పుల నుంచి వేలాడదీశారు. ఆఫ్రికా జీవితంలో భాగమైన ఆ బట్టల్లో ఎన్నో రకాలు తొలుత నేయబడింది మాత్రం ఆఫ్రికాలో కాదు. వాటిలో కొన్ని కోరమాండల్ తీరంలో, అంటే కృష్ణానది ముఖద్వారం నుంచి కావేరి దాకా సాగిన తూర్పు కోస్తాలో, తెలుగు, తమిళ సాలీల మగ్గాల మీద పుట్టాయి. ఆ వర్తకంలో నెల్లూరు సీమకు ఒక ప్రత్యేకమైన, బాధాకరమైన పాత్ర ఉంది. ఇక్కడ నేసి నీలిరంగు అద్దిన బట్ట 18, 19వ శతాబ్దాలలో వెస్టిండీస్ దీవుల చెరకుతోటల్లో పనిచేసే ఆఫ్రికన్ బానిసల ఒంటిమీది బట్ట అయింది. ఈ సంగతి తెలియకుండా నెల్లూరు నేత చరిత్ర సగమే తెలుస్తుంది. ఆ బానిసల వారసులైన కళాకారులు నేడు గ్యాలరీలలో చెబుతున్న కథలో నెల్లూరు వాటా ఏమిటో కూడా అంతుపట్టదు.

పెన్నానది నెల్లూరు దాటి సముద్రం వైపు సాగే దారిలో దక్షిణపు ఒడ్డున ఇందుకూరుపేట, దానికి తూర్పున మైపాడు తీరం, ఊళ్ళను ఆనుకొని బకింగ్‌హాం కాలువ ఉన్నాయి. నదికి ఆవలి ఒడ్డున కోవూరు, దాని చేరువలో నేటికీ చేనేత చీరలకు పేరున్న పాటూరు ఉన్నాయి. పెన్న నీటితో వరి పండే ఈ డెల్టాలో నేత వ్యవసాయంతో పెనవేసుకొని బతికింది. మెట్ట తాలూకాల్లో పండిన పత్తి ఊరూరా రాట్నాల మీద నూలుగా మారి, సాలీల ఇళ్ళకు చేరి, అక్కడ పడుగు పోసి, గంజి పెట్టి, మగ్గమెక్కేది. పడుగు అంటే నిలువు దారం, పేక అంటే అడ్డదారం. పడుగులో ఎన్ని దారాలున్నాయో పుంజాల లెక్కన చెప్పేవారు, ఆ లెక్కను బట్టే బట్ట నాణ్యమూ ధరా నిర్ణయమయ్యేవి. ఈస్టిండియా కంపెనీ దొరలు సైతం తమ చిట్టాల్లో ఈ పుంజం అన్న మాటనే రాసుకున్నారు.

ఐరోపా వర్తకులు ఈ తీరానికి వచ్చింది ఈ బట్ట కోసమే. డచ్చివారు 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోటను కట్టి, దానిని కోరమాండల్ వర్తకానికి కేంద్రం చేసుకున్నారు. వారికి పోటీగా ఆంగ్లేయులు 1626లో నెల్లూరుకు దక్షిణాన దుగరాజపట్నంలో, తమ రికార్డుల్లో ఆర్మగాన్ అని పిలుచుకున్న చోట, వర్తక స్థావరాన్ని ఏర్పరచుకొని ఫిరంగులు నిలబెట్టారు. అక్కడ అనుకున్నంత సరుకు దొరకకపోవడంతో 1639లో మద్రాసులో స్థలం సంపాదించి అటు తరలిపోయారు. ఆ విధంగా మద్రాసు నగరం పుట్టుకకు నెల్లూరు తీరంలోని ఒక చిన్న రేవు మెట్టుగా నిలిచింది. ఆ తర్వాతి రెండు శతాబ్దాలలో నెల్లూరు సీమ బట్ట మద్రాసు మీదుగానే లండన్‌కు చేరింది.

ఆ బట్టల్లో సాలెంపూరు అన్నది ఒక రకం. కలంకారీ వంటి పనితనమేమీ లేని సాదా నూలు బట్ట అది. తెల్లగానూ నీలిరంగు అద్దీ అమ్మేవారు. నెల్లూరు నుంచి వెళ్ళిన దానిలో నీలి సాలెంపూరుకే పేరు వచ్చింది. దానికి కావలసిన నీలిమందు కూడా చుట్టుపక్కలే దొరికేది, ఎందుకంటే 19వ శతాబ్దిలో నెల్లూరు, కడప జిల్లాల్లో నీలి సాగు విస్తారంగా ఉండేది. నీలి అద్దకంలో ఉన్న రహస్యం ఏమిటంటే, నీలిమందు నీటిలో కరగదు. దానిని కరిగించడానికి దక్షిణాది అద్దకపువారు తొట్టిలో సున్నమూ ఉడికించిన తగిరిస గింజలూ కలిపి కొన్నాళ్ళు పులియబెట్టేవారు. పులిసిన తొట్టిలోని ద్రవం నీలంగా ఉండదు, పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది, పైన మాత్రం రాగిరంగు మెరుపుతో నురగ కడుతుంది. అందులో ముంచిన బట్ట పైకి తీయగానే ఆకుపచ్చగా కనిపించి, గాలి తగిలేకొద్దీ చూస్తుండగానే నీలమవుతుంది. ముదురు రంగు కావాలంటే ముంచడం, ఆరబెట్టడం పదేపదే జరగాలి. ఇంత శ్రమతో తయారైన బట్టను చెక్క దిమ్మతో బాది మెరుపు తెచ్చి, మడతలు పెట్టి, మూటలు కట్టేవారు.

ఈ మూటలు అట్లాంటిక్ దాటడానికి బ్రిటన్ చట్టాలే ఒక కారణం. భారతీయ అద్దకపు బట్టల మోజు వల్ల తమ ఉన్ని, పట్టు నేతగాళ్ళు దెబ్బతింటున్నారని గగ్గోలు రేగడంతో బ్రిటిష్ పార్లమెంటు 1721లో చేసిన చట్టం, రంగులద్దిన నూలు బట్టలను ఆ దేశంలో కట్టుకోవడాన్నీ వాడటాన్నీ చాలావరకు నిషేధించింది. పైదేశాలకు తిరిగి ఎగుమతి చేయడానికి మాత్రం అడ్డు పెట్టలేదు. అందువల్ల లండన్ వేలంలో అమ్ముడైన కోరమాండల్ బట్ట రెండు దారులు పట్టింది. ఒక దారిలో అది పశ్చిమ ఆఫ్రికా తీరానికి వెళ్ళి, బానిసలను కొనడానికి మారకపు సరుకైంది. మరో దారిలో నేరుగా కరీబియన్ దీవులకు వెళ్ళి, అలా కొనితెచ్చిన బానిసలకు ఏటా పంచే బట్టగా మారింది. ఫ్రెంచివారు కూడా పుదుచ్చేరి నుంచి నీలిబట్టను సెనెగల్ నది ఒడ్డుకు పంపి, అక్కడి తుమ్మజిగురు వర్తకంలో దాదాపు నాణెంలాగే చలామణీ చేశారు. నెల్లూరు సాలీ ఏ దీవి కోసం నేస్తున్నాడో అతనికి తెలిసే అవకాశమే లేదు. అతనికి తెలిసింది దుబాసీ ఇచ్చిన బయానా, కొలత తగ్గితే కోసే ధర, గడువు. అయినా, ఒకరిచేత చవకగా నేయించి మరొకరికి బలవంతాన తొడిగిన ఆ వ్యవస్థలో ఇద్దరూ ఒకే వర్తకపు రెండు కొసల్లో ఉన్నారన్నది చరిత్ర విస్మరించలేని విషయం.

మద్రాసు ప్రభుత్వం 19వ శతాబ్దిలో ప్రచురించిన పరిపాలనా గ్రంథాలు నెల్లూరు నీలి సాలెంపూరు వెస్టిండీస్ బానిసల దుస్తులకోసం ఎగుమతి అయ్యేదనీ, బానిసత్వం రద్దయ్యాక ఆ గిరాకీ పడిపోయిందనీ నమోదు చేశాయి. రద్దు చట్టం 1833లో వచ్చి 1834 ఆగస్టు 1న అమలయింది, మిగిలిన నిర్బంధపు పని 1838లో ముగిసింది. యజమాని కట్టించే బట్ట నుంచి విడుదలైన మనుషులు తమ ఇష్టప్రకారం కొనుక్కోవడం మొదలుపెట్టిన ఆ సంవత్సరాలలోనే, మాంచెస్టర్ మిల్లుబట్ట తాకిడి కూడా తోడై, పెన్న ఒడ్డున చాలా మగ్గాలు ఆగిపోయాయి. ఒక జాతి విముక్తి మరొక వృత్తికి ఉపాధి నష్టంగా పరిణమించిందని చెప్పడం కష్టమైనా, దానిని దాచడం న్యాయం కాదు. తప్పు విముక్తిది కాదు, మనిషిని సరుకుగా చూసిన గిరాకీ మీద ఒక సీమ నేతను ఆధారపడేలా చేసిన వర్తకానిది. ఆ తర్వాత తోటల్లో ఖాళీ అయిన పనికి మద్రాసు, కోరంగి, కలకత్తా రేవుల నుంచి ఒప్పంద కూలీలను ఎక్కించారు. మారిషస్‌కు 1834 నుంచి, గయానాకు 1838 నుంచి, నాటాల్‌కు 1860 నుంచి వెళ్ళిన ఆ ఓడల్లో తెలుగువారూ ఉన్నారు. మునుపు ఈ తీరం నుంచి బట్ట వెళ్ళిన సముద్రాల మీదనే ఈసారి మనుషులు వెళ్ళారు.

బట్టను ధరించిన వైపు కథ ఇంకా విస్తారమైనది. కోరమాండల్ గళ్ళ రుమాలు కరీబియన్ దీవుల్లోనూ లూసియానాలోనూ నల్లజాతి స్త్రీల తలపాగా అయింది. లూసియానాను స్పెయిన్ ఏలుతున్న కాలంలో, 1786లో, గవర్నర్ మీరో నల్లజాతి స్త్రీలు నగలతో, ఈకలతో జుట్టు అలంకరించుకోరాదనీ తలను గుడ్డతో కప్పుకోవాలనీ ఆజ్ఞ జారీచేశాడు. వారి అందం తెల్లవారి ఇళ్ళల్లో కలత రేపుతోందన్నది ఆ ఆజ్ఞ వెనుక ఉన్న భయం. ఆ స్త్రీలు ఆజ్ఞను పాటిస్తూనే దాని ఉద్దేశాన్ని ఓడించారు. మేలైన మద్రాసు రుమాళ్ళను ఎంచి, ముడులు ఎత్తుగా నిలిపి, అవమానపు గుర్తుగా విధించిన గుడ్డను ఊరంతా తలతిప్పి చూసే సింగారంగా మార్చారు. మార్టినిక్, గ్వాడలూప్, సెయింట్ లూసియా, డొమినికా దీవుల్లో మద్రాసు గళ్ళబట్ట ఈనాటికీ పండుగ వేషంలో భాగం.

1981లో డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టి న్యూయార్క్‌లో పనిచేస్తున్న ఫిరెలే బాయెజ్ తన చిత్రాలలో ఈ తలపాగాకు పెద్దపీట వేసింది. మయామిలోని పెరెజ్ ఆర్ట్ మ్యూజియంలో 2015లో జరిగిన 'బ్లడ్‌లైన్స్' ప్రదర్శనలో ఆమె గీసిన స్త్రీల తలగుడ్డల మడతల్లో ప్రతిఘటన చరిత్రకు చెందిన గుర్తులు దాగి ఉంటాయి. 2021లో బోస్టన్‌లోని ఐసీఏ వాటర్‌షెడ్‌లో ఆమె హైతీ రాజప్రాసాదం శిథిలాల నమూనాను, సముద్రగర్భం నుంచి లేచినట్టు ఒరగబెట్టి నిలిపి, దాని గోడలమీద పశ్చిమ ఆఫ్రికా నీలిఅద్దకపు నమూనాలను పరిచింది. నీలం ఆమెకు అలంకారం కాదు. అట్లాంటిక్ బానిస వర్తకంలో నీలి ఒక పంట, ఒక సరుకు, ఒక శిక్ష కూడా. మాలీకి చెందిన అబూబకర్ ఫోఫానా మరొక మార్గం ఎంచుకొని, మరుగున పడుతున్న పులియబెట్టే నీలితొట్టి విద్యను స్వయంగా అభ్యసించి, 2017లో ఏథెన్స్‌లో జరిగిన డాక్యుమెంటా 14 ప్రదర్శనకోసం గొర్రెల మందకు సైతం నీలిరంగు అద్దాడు. పులిసిన తొట్టి వాసన ఎరిగిన పెన్న ఒడ్డు అద్దకపుకుటుంబాలకు అతని పని ఏ వ్యాఖ్యానమూ లేకుండా అర్థమయ్యేది.

అన్నిటికంటే నిశితంగా పరిశీలించదగినది నైజర్ డెల్టాలోని కాలబరి జాతి వారి ఉదాహరణ. వారు మద్రాసు గళ్ళబట్టను ఇంజిరి అని పిలిచి, తరతరాలుగా పుట్టుక నుంచి చావు దాకా అన్ని సందర్భాల్లో వాడుతున్నారు. అసలైన సరుకును వాసన చూసి, నాలికతో తాకి గుర్తుపట్టే పెద్దవాళ్ళు వారిలో ఉండేవారని పరిశోధకులు రాశారు. కొన్న బట్టను వారు ఉన్నది ఉన్నట్టు కట్టరు. కాలబరి స్త్రీ గళ్ళబట్టను ఒడిలో పరచుకొని, సూదితో ఎంచిన లేతరంగు దారాన్ని పైకి లేపి, రేజరు బ్లేడుతో తెంచి, మెల్లగా లాగేస్తుంది. అలా దారం తర్వాత దారం తీస్తూ పోతే మిగిలిన ముదురు దారాల మధ్య జాలి వంటి ఖాళీలు ఏర్పడి, నేసినవాడు ఊహించని కొత్త నమూనా తేలుతుంది. అందులో తాబేలు పేరున్న నమూనా కూడా ఒకటి. ఈ బట్టను పెలెతె బితె అంటారు. పేక నిండేలా దారం చేర్చడం సాలీ పనితనమైతే, చూసి చూసి దారం తీసేయడం కాలబరి పనితనం. ఒకే బట్టమీద రెండు ఖండాల చేతులు ఇలా ఎదురెదురు దిశల్లో పనిచేసిన సందర్భం వస్త్ర చరిత్రలో అరుదు.

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన జోఆన్ ఐకర్, కాలబరి పండితుడు టోన్యే ఎరెకోసిమా కలిసి ఈ ఆచారాన్ని అధ్యయనం చేశారు. పరాయి వస్తువును ఒక సమాజం ఎంచుకొని, పేరు పెట్టి, తన ఆచారాల్లో కలుపుకొని, చివరకు రూపమే మార్చి సొంతం చేసుకునే క్రమాన్ని వారు సాంస్కృతిక ప్రామాణీకరణ అన్నారు. 1982లో ఆ విశ్వవిద్యాలయపు గోల్డ్‌స్టైన్ గ్యాలరీలో పెలెతె బితె బట్టలను ప్రదర్శనకు పెట్టారు. కాలబరి బుగుమా పట్టణంలో 1958లో పుట్టి, లండన్‌లో స్థిరపడిన శిల్పి సొకారి డగ్లస్ క్యాంప్ ఆ ప్రపంచాన్ని ఇనుములోకి తెచ్చింది. కాలబరి వారు మరణించినవారి కోసం ఇంట్లో మంచాలను ఖరీదైన బట్టలతో అలంకరిస్తారు. ఆ ఆచారాన్ని ఆధారం చేసుకొని ఆమె 1984లో ఉక్కు, బట్ట, మోటార్లతో కదిలే 'చర్చ్ ఎడే' అన్న మంచాన్ని నిర్మించింది. 1988లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ జాతీయ ఆఫ్రికా కళా మ్యూజియం ఆమె శిల్పాలతో ప్రత్యేక ప్రదర్శన ఏర్పాటు చేసింది. ఉక్కు రేకుకు రంధ్రాలు కోసి, వెలుతురు జారేలా బట్టను చూపించే ఆమె పద్ధతిలో దారాలు తీసిన పెలెతె బితె ఛాయ స్పష్టంగా కనిపిస్తుంది. బానిసత్వ స్మారకంగా ఆమె చేసిన 'ఆల్ ది వరల్డ్ ఈజ్ నౌ రిచర్' అన్న ఆరు ఉక్కు విగ్రహాలు 2012లో బ్రిటిష్ పార్లమెంటు భవనంలోనూ 2014లో సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లోనూ నిలిచాయి. వాటిలో ఒక్కొక్క మనిషి ఒక్కొక్క కాలపు దుస్తుల్లో ఉంటాడు. బానిస దుస్తుల నుంచి నేటి దుస్తుల దాకా సాగిన ఆ వరుస, మనిషి హోదాను బట్ట ఎలా చెబుతుందో చూపుతుంది.

ఇటువంటి కళ గ్యాలరీ గోడల దాకా రావడం సులువుగా జరగలేదు. ఆఫ్రికా వస్తువులను ఐరోపా చాలాకాలం జాతుల శాస్త్రపు నమూనాలుగా గాజుపెట్టెల్లో ఉంచింది. వాటిని చేసినవారి పేర్లు రాయవలసిన అవసరం ఉందనుకోలేదు. 1966లో డకార్‌లోనూ 1977లో లాగోస్‌లోనూ జరిగిన నల్లజాతి కళోత్సవాలు ఆ దృష్టిని సవాలు చేశాయి. 1989లో రషీద్ అరయీన్ లండన్‌లోని హేవార్డ్ గ్యాలరీలో నిర్వహించిన 'ది అదర్ స్టోరీ' ప్రదర్శన ఆఫ్రికా, కరీబియన్, ఆసియా మూలాలున్న బ్రిటన్ కళాకారులను ఒకచోట చేర్చింది. అందులో గోవాలో పుట్టిన ఎఫ్.ఎన్. సౌజా పక్కనే జాంజిబార్‌లో పుట్టిన లుబైనా హిమిద్ ఉండటం గమనించదగ్గది. తర్వాత నైజీరియాకు చెందిన ఒక్వూయి ఎన్వెజోర్ 2002లో డాక్యుమెంటాకు, 2015లో వెనిస్ బినాలేకు సారథ్యం వహించాడు. 2013లో లండన్‌లో మొదలైన '1-54' కళాసంత ఆఫ్రికా కళకు అంతర్జాతీయ విపణి కల్పించింది.

యింకా షోనిబారే పేరు ఈ విషయంలో తప్పక చెప్పాలి. 1962లో లండన్‌లో పుట్టి లాగోస్‌లో పెరిగిన అతను, ఆఫ్రికన్ బట్టగా అందరూ భావించే రంగురంగుల మైనపు అద్దకపు గుడ్డ నిజానికి ఇండొనేసియా బతిక్‌ను అనుకరించి డచ్చి మిల్లులు తయారుచేసిన సరుకన్న సంగతిని తన కళకు మూలం చేసుకున్నాడు. లండన్ బ్రిక్స్‌టన్ అంగడిలో ఆ గుడ్డ కొని, దానితో విక్టోరియా కాలపు దొరల దుస్తులు కుట్టించి తల లేని బొమ్మలకు తొడిగాడు. 2010లో ట్రఫాల్గర్ చౌకులో నిలిపిన అతని సీసాలోని ఓడకు తెరచాపలు కూడా ఆ బట్టవే. అతని వాదన బలమైనదే గాని, మిల్లు అనుకరణకు ముందే ఆఫ్రికా అంగళ్ళలో రెండు శతాబ్దాలు చలామణీ అయిన కోరమాండల్ చేనేత ఆ కథలో కొంత వెనక్కి పోయింది. 2017లో టర్నర్ బహుమతి అందుకున్న హిమిద్ 2004లో చేసిన 'నేమింగ్ ది మనీ' మరో లోటును పూరిస్తుంది. ఐరోపా దర్బారులకు తెచ్చిన ఆఫ్రికన్ బానిస పనివారిని వంద నిలువెత్తు బొమ్మలుగా నిలిపి, ఒక్కొక్కరికి అసలు పేరు, యజమాని పెట్టిన పేరు, చేసిన పని కలిపి చెప్పిన రచన అది. గయానాలో పెరిగిన హ్యూ లాక్ 2022లో టేట్ బ్రిటన్‌లో నిలిపిన 'ది ప్రొసెషన్' ఊరేగింపులో దాదాపు 150 మంది మనుషుల బొమ్మలు కట్టుకున్న బట్టలమీద పాత కంపెనీల వాటాపత్రాలు అచ్చయి ఉంటాయి. నెల్లూరు నీలిబట్టా, మద్రాసు కూలీల ఓడలూ రెండూ చేరిన నేలలో పెరిగిన కళాకారుడు వర్తకపు లెక్కల కాగితాన్నే దుస్తులుగా కుట్టడం యాదృచ్ఛికం కాదు.

భారతదేశంలో ఈ చరిత్ర ముఖాముఖి కనిపించిన సందర్భం 2018-19 కొచ్చి-ముజిరిస్ బినాలే. ఇంగ్లండులో పుట్టి దక్షిణాఫ్రికాలో స్థిరపడిన సూ విలియమ్సన్, డచ్చి కంపెనీ భారతదేశం నుంచి కేప్‌టౌన్‌కు తీసుకుపోయి అమ్మిన బానిసల క్రయపత్రాలను వెతికి, ఆ పేర్లను, వయసులను, కొన్నవారి వివరాలను, ధరలను భారతీయ నూలు చొక్కాలమీద నల్ల సిరాతో రాసింది. వాటిని కేప్‌టౌన్ కోట చుట్టూ ఉన్న బురదనీటిలో ముంచి, కొచ్చిలోని ఆస్పిన్‌వాల్ హౌస్‌లో తీగలమీద ఆరేసింది. డచ్చి పత్రాల్లో బెంగాల్, మలబార్‌లతోపాటు కోరమాండల్ తీరం కూడా బానిసల స్వస్థలంగా పదేపదే వస్తుంది. 17వ శతాబ్దిలో కరువులు వచ్చినప్పుడల్లా పులికాట్, నాగపట్నం రేవుల నుంచి వేలమందిని ఇండొనేసియాలోని బతావియాకు ఎక్కించారు. నెల్లూరు తీరం బానిసలకు బట్ట పంపిన తీరం మాత్రమే కాదు, దాని పక్క రేవులోనే మనుషులు కూడా అమ్ముడయ్యారు. ఆంధ్ర చరిత్ర పుస్తకాలు డచ్చి స్థావరాలను కోటల, యుద్ధాల లెక్కలో చెప్పి, ఈ సంగతిని పెద్దగా చెప్పకపోవడం విచారకరం.

కలంకారీ పరదాలు రాజుల ఇళ్ళల్లో, దొరల ఇళ్ళల్లో భద్రంగా ఉండి మ్యూజియాలకు చేరాయి. నీలి సాలెంపూరుకు ఆ అదృష్టం లేదు. తోటపనిలో చిరిగేదాకా కట్టిన బట్టను ఎవరూ దాచరు, కనుక బానిసల ఒంటిమీది బట్ట ఏ మ్యూజియంలోనైనా కనబడటం చాలా అరుదు. వర్తకుల నమూనా పుస్తకాలలో అతికించిన చిన్న ముక్కలు, సరుకుల చిట్టాల్లోని అంకెలు, ప్రభుత్వ గ్రంథాల్లోని రెండుమూడు వాక్యాలు మాత్రమే దానికి సాక్ష్యాలు. బాయెజ్, డగ్లస్ క్యాంప్, హిమిద్, లాక్ వంటివారు తమ పనిని మొదలుపెట్టింది ఈ ఖాళీ నుంచే. వారి వెనుక దీవుల జ్ఞాపకం, ఆఫ్రికా ఇళ్ళ ఆచారం, పరిశోధకుల అండ ఉన్నాయి. పాటూరు, కోవూరు, వెంకటగిరి మగ్గాల వైపు నుంచి ఇదే చరిత్రను చెప్పవలసిన ప్రదర్శన తెలుగునాట జరగవలసే ఉంది. అందుకు కావలసిన నూలు, నీలి, పుంజాల లెక్క తెలిసిన చేతులు ఇంకా ఇక్కడే ఉన్నాయి. ఆ ప్రదర్శన గదిలో మద్రాసు చిట్టా పుటల పక్కన కాలబరి స్త్రీలు దారం తీసిన గళ్ళబట్ట కూడా ఉండాలి.